తట్టి చూడనిదే నాయన అడుగు పెట్టడు: మారికుప్పం నుంచి ఒక అక్వేరియం ప్రయాణం

మా చెల్లెలు ఎస్తేరు బెంగళూరులో ఏం పని చేస్తోందని ఎవరైనా అడిగితే మా నాయన రెండేళ్ళుగా ఒకటే జవాబు చెబుతూ వచ్చాడు: "టికెట్ కౌంటర్లో కూర్చుంటాది." అది పచ్చి అబద్ధం. ఎస్తేరు ఒకచోట కూర్చునే రకమే కాదు. వైట్‌ఫీల్డ్ దాటాక ఉన్న ఒక పెద్ద అక్వేరియంలో అది డైవరు. వీపుకు గాలి సిలిండరు కట్టుకుని, సొర చేపలు తిరిగే నీళ్ళలోకి దిగి, వాటికి మేత పెట్టి, గోడలకు పట్టిన పాచి తుడిచి పైకి వస్తుంది. కేజీఎఫ్ బంగారు గని కార్మికుల లైన్లలో, ఒక్క గది ఇంట్లో పుట్టిన ఆడపిల్ల ఇలాంటి ఉద్యోగం చేస్తోందంటే నేనైతే ఊరంతా దండోరా వేయించేదాన్ని. మా నాయన మాత్రం చర్చిలో కూడా టికెట్ కౌంటరే అన్నాడు. దేవుడి మందిరంలో అబద్ధం చెప్పొచ్చా నాయనా అని నిలదీస్తే, "కౌంటరు కూడా ఆడనే ఉండాది గదా" అని తప్పించుకున్నాడు.

ఆయన బాధ ఏమిటో తెలియాలంటే గని గురించి నాలుగు ముక్కలు చెప్పాలి. మా తాత గనిలోకి దిగాడు, దగ్గు పట్టుకుని పైకి వచ్చాడు, ఆ దగ్గుతోనే పోయాడు. నాయన మీసం సరిగ్గా రాని వయసులో దిగి, గని మూసేదాకా దిగుతూనే ఉన్నాడు. ఆయన పని తట్టి చూడటం. మందు పేల్చి రాయి పగలగొట్టిన చోటికి అందరికన్నా ముందు ఒక మనిషి వెళ్ళాలి. ఇనుప బారుతో పైనున్న బండను అడుగడుగునా తట్టాలి. ఖంగుమంటే బండ గట్టిది. మొద్దుగా మోగితే గుల్ల, ఎప్పుడు ఊడి నెత్తిన పడుతుందో చెప్పలేం. గుల్లగా ఉన్నదాన్ని తానే పొడిచి కింద పడేసి, ఇక భయం లేదనుకున్నాక రెండు వేళ్ళు ఊపి వెనకవాళ్ళను రమ్మనాలి. ఆ రెండు వేళ్ళు ఊగేదాకా ఎవ్వరూ కదలరు. గని మూతబడింది గానీ ఈ తట్టే అలవాటు మూతబడలేదు. మా ఇంట్లో పుచ్చకాయ మొదలుకుని పక్కింటివాళ్ళ కొత్త నీళ్ళ ట్యాంకు దాకా నాయన వేళ్ళ దెబ్బ తినని వస్తువు లేదు. నా పెళ్ళికి ముందు అబ్బాయివాళ్ళ ఇల్లు చూడటానికి వెళ్ళినప్పుడు అబ్బాయిని ఒక్క మాట అడగలేదు. గోడలన్నీ తట్టి వచ్చి, "ఇల్లు గట్టిగా ఉండాది, ఒప్పుకుందాం" అన్నాడు. అబ్బాయి కూడా గట్టివాడే అయ్యాడనుకోండి, అది నా అదృష్టం.

గని మూసిన తర్వాత నాయన చాలాసార్లు ఒక మాట అనేవాడు, తన బిడ్డలు ఆకాశం కింద సంపాదించుకుంటారని. నేను కోలారు దగ్గర నరసాపురంలో బండ్ల ఫ్యాక్టరీలో చేరితే, "రేకుల షెడ్డే గదా, పైన ఏముంటాది" అని సరిపెట్టుకున్నాడు. ఎస్తేరు దగ్గరే చిక్కు వచ్చింది. దానికి చిన్నప్పటినుంచి నీళ్ళంటే పిచ్చి. మా అమ్మ పుట్టిల్లు బేతమంగళ దగ్గర. వేసవి సెలవుల్లో అక్కడి చెరువులో వీపుకు ఖాళీ నూనె డబ్బా కట్టుకుని ఈత నేర్చుకుంది. డిగ్రీ అయ్యాక ఇదే అక్వేరియంలో ఫిల్టర్లు కడిగే పనికి చేరింది. చేరిన కొన్నాళ్ళకే పుదుచ్చేరి వెళ్ళి సముద్రంలో డైవింగ్ నేర్చుకుని వచ్చింది. ఆ సంగతి చెప్పిన రోజున నాయన, "మళ్ళీ కిందికేనా?" అని ఒక్క మాట అని బయటికి వెళ్ళి అరుగు మీద కూర్చున్నాడు. అప్పటినుంచి ఫోన్లో తిన్నావా, జ్వరం తగ్గిందా అని అడుగుతాడే గానీ పని ఊసు ఎత్తడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు, ఆయన వరస అది.

పోయిన నెలలో ఎస్తేరు నాకు ఫోన్ చేసింది. "అక్కా, వచ్చే మంగళవారం చేపలకు మేత పెట్టే షోకి నేనే ముందు దిగతాండా. ఇన్నాళ్ళూ ఇంకొకరి వెనక దిగినాను. నాయన్ని పిలుచుకోని రా" అంది.

"రానంటే?"

"రానంటే ఇంగ ఎప్పుడూ అడగను. చర్చిలో కూడా టికెట్ కౌంటర్ అని చెప్పినాడంట గదా. నేనేమన్నా దొంగపని చేస్తాండానా అక్కా?"

అటుపక్క ముక్కు ఎగబీల్చడం వినిపించింది. చిన్నప్పుడు చెరువులో మోకాలు చీరుకుపోయినా ఏడవని పిల్ల అది. నాకు నాయన మీద చెప్పలేనంత కోపం వచ్చింది. కోపంగా అడిగితే ఆయన బిగుసుకుపోతాడని తెలుసు గనక మా అమ్మాయి కీర్తనను ముందుకు తోశాను. దానికి ఏడేళ్ళు. "చేపల్ని చూసేదానికి బెంగళూరు దాకా ఎందుకు, బేతమంగళ చెరువులో లేవా?" అన్నాడు నాయన. "బేతమంగళలో సొర చేప ఉండాదా తాతా?" అంది కీర్తన. లేదని ఒప్పుకోక తప్పలేదు. అలా మంగళవారం ప్రయాణం ఖాయమైంది. మా ఆయనకు షిఫ్టు ఉండటంతో నేను, అమ్మ, నాయన, కీర్తన, నలుగురమే బయలుదేరాం.

కేజీఎఫ్ నుంచి వెళ్ళేవాళ్ళకు మారికుప్పం నుంచి పొద్దున్నే బెంగళూరు వైపు వెళ్ళే ప్యాసింజరు బండే మంచిది. మారికుప్పమే మొదటి స్టేషను కాబట్టి కిటికీ పక్క సీటు ఖాయం. మేం ఆరుకల్లా స్టేషనులో ఉన్నాం. టికెట్టు మనిషికి నలభై రూపాయలు కూడా కాలేదు. ఊరిగాం, కోరమండల్ దాటేసరికి ఉద్యోగాలకు పోయేవాళ్ళతో బోగీ నిండిపోతుంది. రోజూ వెళ్ళివచ్చేవాళ్ళకు ఎవరి చోటు వాళ్ళకు ఉంటుంది, కొత్తవాళ్ళు అందులో కూర్చుంటే చూపులతోనే లేపేస్తారు. గని తవ్వి పోసిన మట్టి దిబ్బలు పొద్దుటి వెలుగులో పసుపు తిరుగుతూ ఉంటే కీర్తన కొండలని అనుకుంది. "కొండలు కావు, మేం కింద నుంచి తెచ్చి పోసినవి" అన్నాడు నాయన. ఆ గొంతులో కాస్త గర్వం ఉంది. తన సంగతికి గర్వపడతాడు, కూతురి సంగతికి మాత్రం నోరు పెగలదు అని నేను లోపల గొణుక్కున్నాను. బంగారుపేట, టేకల్, మాలూరు దాటి వైట్‌ఫీల్డ్‌లో దిగేసరికి ఎనిమిదిన్నర అయింది.

అక్వేరియం పేరు రాయడం లేదు, ప్రకటనలా ఉంటుందని ఎస్తేరు వద్దంది. తలుపులు తెరిచేది పదిన్నరకు. అందుకని స్టేషను బయట చిన్న హోటల్లో తీరిగ్గా ఇడ్లీ వడ తిన్నాం. అక్కడి సాంబారులో బెల్లం ఎక్కువ. మా అమ్మకు అది నచ్చక ఇంటినుంచి తెచ్చిన చింతకాయ పచ్చడి డబ్బా తెరిచింది. హోటలు వంటమనిషి బయటికి వచ్చి, తనకూ కొంచెం పెట్టమ్మా అని అడిగి, ఆ పచ్చడికి బదులుగా మాకు నాలుగు కాఫీలు ఉత్తినే ఇచ్చాడు. అక్కడినుంచి ఆటోకు నూట యాభై. ఆటో నడిపే ఆయన మాలూరు వైపువాడు, మా మాటలు వినగానే తెలుగులోకి దిగాడు.

"యా ఊరప్పా మీది?" అని నాయనను అడిగాడు.

"కేజీఎఫ్."

"అక్వేరియంలో తెలిసినోళ్ళు ఉండారా?"

"మా చిన్న కూతురు ఆడ పని చేస్తాది."

"అవునా! ఏం పని?"

నాయన నా వైపు చూడలేదు. "టికెట్ కౌంటరు" అన్నాడు. అమ్మ కొంగు సర్దుకుంటూ రోడ్డు వైపు తిరిగింది. ఆటో ఆయనకు మా కుటుంబ రాజకీయాలు ఏం తెలుసు, మంచి ఉద్యోగమే, ఎండ తగలదు అని మెచ్చుకున్నాడు. వెనక్కి వెళ్ళేటప్పుడు కూడా తానే వస్తానని నంబరు ఇచ్చాడు.

వారం మధ్యలో వెళ్తే టికెట్టు పెద్దలకు ఐదు వందలు, పిల్లలకు మూడు వందలు. ఎస్తేరు పాసులు పంపింది కాబట్టి మాకు ఆ ఖర్చు తప్పింది. లోపలికి అడుగు పెట్టగానే చలి, చీకటి. ముసలివాళ్ళను తీసుకెళ్ళేవారు ఒక శాలువా పెట్టుకోండి. మొదటి హాలు మంచినీటి చేపలది. కొర్రమీను తొట్టి ముందు అమ్మ చాలాసేపు నిలబడిపోయింది. ఈ సైజుది బేతమంగళ సంతలో ఎంత పలుకుతుందో, పులుసులోకి ఎన్ని ముక్కలు వస్తాయో లెక్క వేసింది. పక్కనే మనిషంత పొడవున్న అమెజాన్ నది చేప ఒకటి నోరు తెరిచి మూస్తోంది. తర్వాతి హాల్లో గుర్రపు మూతి చేపలు, ముళ్ళ చేపలు, దీపాల రంగు మారినప్పుడల్లా తామూ రంగు మారే జెల్లీ చేపలు. పిల్లలు చెయ్యి పెట్టి నక్షత్ర చేపను తాకే చిన్న గుంట కూడా ఉంది. కీర్తన అక్కడే ఉంటానని మొండికేసింది. నాయన మాత్రం చేపలకన్నా హాలు స్తంభాలను ఎక్కువ చూశాడు. దారిలో కనిపించిన ప్రతి స్తంభాన్నీ వేలి కణుపుతో తట్టాడు. కాంక్రీటు స్తంభాలకు ఎవరూ అడ్డు చెప్పలేదు గనక అంతవరకు బాగానే నడిచింది.

అసలు వింత చివర్లో ఉంది. పెద్ద నీళ్ళ తొట్టి అడుగున మనుషులు నడిచే సొరంగం. రెండు పక్కలా, నెత్తి మీదా నీళ్ళు, ఆ నీళ్ళలో సొర చేపలు, చేటంత వెడల్పున్న రే చేపలు. మేత పెట్టే షో పదకొండున్నరకు. మేం సొరంగం నోటి దగ్గరికి చేరేసరికి ఇంకో పది నిమిషాలు ఉంది. కీర్తన లోపలికి పరుగెత్తబోయింది. నాయన చటుక్కున దాని రెక్క పట్టుకుని వెనక్కి లాగాడు. "ఆగు పాపా" అని, తాను ముందుకు వెళ్ళి, చెవి వంచి, సొరంగం గోడను వేలి కణుపుతో తట్టాడు. ఒకసారి, ఇంకొంచెం పైన ఇంకోసారి.

"సార్! గ్లాస్ తట్టబేడి!" అని సెక్యూరిటీ ఆయన కన్నడలో కేకపెట్టాడు. అద్దం తట్టొద్దన్నది అక్వేరియంలో అడుగడుగునా రాసి ఉన్న నియమం. అద్దాన్ని తడితే లోపలి చేపలు బెదురుతాయి. ప్రపంచంలో పిల్లలందరూ చేపల కోసం అద్దం తడతారు. మా నాయన ఒక్కడే కప్పు కోసం తట్టాడు.

"నేను చేపల కోసం తట్టలేదప్పా, పైకప్పు చూసినా. తట్టకుండా పిల్లని ఎట్ల పంపేది?"

సెక్యూరిటీ ఆయన తెలుగులోనే మెత్తగా చెప్పాడు. అది గాజు కాదు, బెత్తెడు మందం ఉన్న ప్రత్యేకమైన ప్లాస్టిక్, పైగా కంపెనీవాళ్ళ గ్యారంటీ ఉంది సార్ అన్నాడు.

"గ్యారంటీ సంగతి బండకు తెలీదప్పా" అన్నాడు నాయన. అని, కీర్తన చెయ్యి వదలకుండా వెనక్కి వచ్చి అక్కడున్న బెంచీ మీద కూర్చున్నాడు. తట్టనివ్వకపోతే తాను పోడు, మనవరాలిని పోనివ్వడు. ఇక కదిలించడం ఎవరి తరం? చుట్టూ జనం మమ్మల్ని చూస్తున్నారు. లోపల ఎస్తేరు ఈపాటికి సిలిండరు కట్టుకుంటూ ఉంటుంది. దిగగానే సొరంగంలో మా కోసం వెతుకుతుంది. నాయన కనిపించకపోతే ఇక ఎప్పటికీ అడగనని అంది. అది అన్నంత పనీ చేస్తుంది, ఎవరి కూతురు మరి. నేను బతిమాలాను, కసిరాను, గడియారం చూపించాను. ఆయన నేల వైపే చూస్తూ కూర్చున్నాడు. దగ్గరగా చూస్తే, ఖాళీగా ఉన్న చేతి కణుపుతో తన మోకాలినే ఆపకుండా తట్టుకుంటున్నాడు. అప్పుడు అర్థమైంది నాకు, అది మొండితనం కాదు, భయం. గనిలో బండ చెమ్మగిల్లిందంటే పారిపోవాలి. అలాంటిది ఇక్కడ నెత్తి మీద ఏకంగా చెరువే ఉంది, అందులో కన్నకూతురు.

అంతవరకు నోరు మెదపని మా అమ్మ ఆయన ముందుకు వచ్చి నిలబడింది. మా అమ్మ గొంతు పెంచి మాట్లాడే మనిషి కాదు, ఆ రోజు కూడా పెంచలేదు.

"నువ్వు దినామూ కిందికి పోతా ఉంటివి గదా. నేను ఏం తట్టి పంపిస్తి నిన్ను? ఆడోళ్ళను ఆ పక్కకే రానియ్యలేదు. క్యారియర్ కట్టిచ్చి వాకిట్లో నిలబడితి. నువ్వు మళ్ళీ గడప తొక్కేదాకా నా ఊపిరి నా దగ్గర లేదు. ఒక్క దినమన్నా పోవద్దు అంటినా?"

నాయన కీర్తన చెయ్యి ఇంకా గట్టిగా పట్టుకున్నాడు.

"పొయ్యేవాడి భయం వేరే, పంపేదాని భయం వేరే. ఇన్నేళ్ళు నేను మోస్తి. ఇంగ నీ వంతు" అని, ఆయన చేతిలోంచి కీర్తన చెయ్యి విడిపించి తన చేతిలోకి తీసుకుంది. వెనక్కి చూడకుండా మనవరాలిని పట్టుకుని సొరంగంలోకి నడిచింది. కొండంత నీళ్ళ కింద మా అమ్మ నీలం చీర నీడలా అయిపోయింది. నాయన లేచాడు. సొరంగం నోటిదాకా వచ్చి ఆగాడు. ఒక కాలు కార్పెట్టు మీద, ఒక కాలు బయట. ఆ రెండో కాలు మాత్రం రాలేదు. షో మొదలవబోతోందని నేను లోపలికి వెళ్ళి అమ్మ పక్కన నిలబడ్డాను.

అప్పుడే లోపల దీపాలు పెద్దవయ్యాయి. మైకులో ఏదో ప్రకటన వచ్చింది. నీళ్ళ పైభాగం పగిలి తెల్లటి నురగలోంచి ఒక మనిషి దిగింది, వెనకాలే ఇంకొకరు. ముఖానికి అద్దం, నల్లటి బట్టలు. అయినా ఆ కాళ్ళు ఆడించే తీరు చూసి నేను గుర్తుపట్టాను, బేతమంగళ చెరువులో చూసిన కాళ్ళే. ఎస్తేరు చేతిలోని బుట్ట తెరవగానే రే చేపలు దాని చుట్టూ మూగాయి. అన్నం పెట్టే అమ్మ చుట్టూ పిల్లలు చేరినట్టే ఉంది. ఒక సొర చేప దాని భుజం పక్కగా పోతే జనం ఒక్కసారిగా కేక వేశారు. ఎస్తేరు మాత్రం అరచేత్తో దాన్ని మెల్లగా పక్కకు నెట్టి తన పని చేసుకుపోయింది. నా కళ్ళు చెమ్మగిల్లాయి. అక్కడున్న ప్రతి ఒక్కరి భుజం తట్టి ఆ పిల్ల మా చెల్లెలు అని చెప్పాలనిపించింది. ఇద్దరికి చెప్పేశాను కూడా.

బుట్ట ఖాళీ అయ్యాక ఎస్తేరు కిందికి వచ్చి సొరంగం కప్పు మీద వాలింది. మమ్మల్ని చూసింది. అమ్మను, కీర్తనను, నన్ను. తర్వాత సొరంగం నోటి దగ్గర ఆగిపోయిన నాయనను. చెయ్యి ఊపుతుందనుకున్నాను. ఊపలేదు. గుప్పిట మడిచి, వేలి కణుపుతో కప్పును తట్టింది. టక్. తల ఒకవైపు వంచి, విన్నట్టుగా ఆగి, ఒక జానెడు జరిగి మళ్ళీ తట్టింది. అలా మేమున్న వైపు నుంచి మొదలుపెట్టి, ఎడమ పక్క, నడి నెత్తి, కుడి పక్క, అడుగడుగునా తట్టుకుంటూ సొరంగం నోటి దాకా వచ్చింది. నాయన ఇనుప బారు పట్టి ఎలా తట్టేవాడో మాకు వందసార్లు ఇంట్లో చేసి చూపించాడు, చిన్నప్పుడు మేమిద్దరం చీపురు కట్టతో ఆడిన ఆట అది. సరిగ్గా ఆయన నెత్తి మీదికి వచ్చి ఆఖరి దెబ్బ కొట్టి, ముఖం ఆయన వైపు తిప్పి, రెండు వేళ్ళు ఊపింది.

రమ్మని.

నాయన రెండో కాలు లోపల పెట్టాడు. నెత్తి మీద నీళ్ళలో అది మెల్లగా వెనక్కి ఈదుతోంది, కింద ఆయన దాని నీడలో నడుస్తూ వచ్చాడు. మా దగ్గరికి చేరాక అరచెయ్యి గోడకు ఆనించాడు. ఎస్తేరు అవతలివైపు నుంచి అదే చోట తన చెయ్యి పెట్టింది. నాయన ముఖం అంతా తడిసిపోయింది, తుడుచుకోవాలని కూడా తోచలేదు ఆయనకు. "గట్టిగా ఉండాది" అన్నాడు మా అమ్మతో. కాసేపటికి చుట్టూ చూసి, "నీళ్ళు తోడే పంపులు ఆపినాక మా గని లోపల కూడా ఇట్లే ఉంటాది. నేను తట్టిన చోటంతా నీళ్ళే ఇప్పుడు. చేపలే లేవు" అన్నాడు. సెక్యూరిటీ ఆయన మా వెనకే వచ్చి నిలబడి ఉన్నాడు. నాయన ఆయన వైపు తిరిగి, పైకి వేలు చూపించి, "మా చిన్న కూతురు" అన్నాడు. "ఎస్తేర్ మేడం ఫాదరా మీరు? ముందే చెప్పకూడదా సార్!" అని ఆయన రెండు చేతులూ జోడించాడు.

మధ్యాహ్నం క్యాంటీనులో ఎస్తేరు తడి జుట్టుతోనే మా బల్ల దగ్గరికి వచ్చింది. క్యాంటీను భోజనం నూట ఎనభై, రుచి అంతంతమాత్రం, ఇంటినుంచి తెచ్చుకున్నది లోపల తిననివ్వరు. "నాయన తట్టకుండా రాడని తెలుసు, ఆడ తట్టనియ్యరని కూడా తెలుసు. అందుకే మా సూపర్‌వైజర్‌ను ముందే అడిగి పెట్టుకున్నా" అంది నాతో. నాయన దాని చెయ్యి తీసుకుని వేళ్ళు తిప్పి చూశాడు. "బాగా నానిపొయ్యినాయి" అన్నాడు. తర్వాత గొంతు సవరించుకుని, "బాగానే తట్టినావు. ఎడమ పక్క మూల ఒక చోటు ఇడిసిపెట్టినావు" అన్నాడు. పని తెలిసిన మనిషి ఇంకో పనిమంతురాలితో మాట్లాడినట్టు అన్నాడు. ఎస్తేరు నవ్వుతూనే ఏడ్చేసింది. "రేపు దిగినప్పుడు ఆ మూల కూడా తడతా నాయనా" అంది.

సాయంత్రం నాలుగుకు పొద్దుటి ఆటో ఆయనే వచ్చాడు. "చూసినారా అప్పా? టికెట్ కౌంటర్లో పాప బాగుండాదా?" అని పలకరించాడు.

"కౌంటర్ ఏందప్పా? డైవరు! నీళ్ళలోకి అందరికన్నా ముందు దిగేది మా పాపే. సొర చేపలకు దాని చేత్తోనే మేత" అన్నాడు నాయన, వెనక సీటులోంచి ముందుకు వంగి.

"పొద్దున కౌంటరు అంటిరే?"

"అది పొద్దున మాట."

తిరుగు బండిలో మేం మారికుప్పం దాకా పోకుండా బంగారుపేటలోనే దిగాం. అక్కడి పానీపూరీలో పోసే నీళ్ళు పచ్చగా ఉండవు, తేటగా మంచినీళ్ళలాగే కనిపిస్తాయి. నాలుక మీద పడ్డాక తెలుస్తుంది ఘాటు. ఆ దారిన పోయేవాళ్ళు తినకుండా వెళ్ళకండి, తిన్నాక కేజీఎఫ్‌కు బస్సులు చాలానే ఉంటాయి. పానీపూరీ బండి ఆయనకు కూడా నాయన ఎస్తేరు కథంతా చెప్పాడు. అడగకపోయినా చెప్పాడు. ఈసారి నేను ఆపలేదు.

ఈ ప్రయాణం మొత్తంలో నాకు బాగా గుర్తుండేది సొర చేపలూ కావు, జెల్లీ చేపలూ కావు. కాకిపిల్ల కాకికి ముద్దు అంటారు గానీ, మా కాకి తన పిల్లను చూసి మురిసిపోవడానికి భయపడింది, అంతే. కేజీఎఫ్ అనగానే జనం బంగారం గురించి అడుగుతారు. బంగారం ఎప్పుడో అయిపోయింది. ముందు తాను వెళ్ళి, తట్టి చూసి, తర్వాత మనవాళ్ళను రమ్మనే ఆ గుణం అయిపోలేదు. అది ఒకరినుంచి ఒకరికి వచ్చింది, మా ఇంట్లో ఇప్పుడు ఆడపిల్ల చేతిలో ఉంది. దానికి నేను గర్వపడుతున్నాను, గట్టిగా చెప్పుకుంటాను. నాయన ఇంకా గట్టిగా చెప్పాడు. ఆ వారం ఆదివారం చర్చిలో సాక్ష్యం చెప్పే సమయంలో ఎప్పుడూ లేవని మనిషి లేచి నిలబడ్డాడు. "నేను మీకందరికీ ఒక అబద్ధం చెప్పినాను. నా చిన్న కూతురు ఎస్తేరు టికెట్ కౌంటర్లో లేదు. నీళ్ళలోకి దిగతాది. ముందు తాను తట్టి చూసి, ఆమీద మమ్మల్ని రమ్మంటాది" అని చెప్పి, రెండు వేళ్ళు ఊపి చూపించి కూర్చున్నాడు.

వెళ్ళాలనుకునేవాళ్ళకు ఒక్క సూచన. శని ఆదివారాలు వద్దు, వారం మధ్యలో వెళ్ళండి, పదకొండుంబావుకల్లా సొరంగంలో ఉండండి. అద్దం మాత్రం తట్టకండి. మీకోసం తట్టి చూసే పిల్ల లోపల ఉంది.